కాంతిని మించిన కబురు

లక్ష్మీనారాయణ ఆ ఆదివారానికి వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. పొద్దున టిఫిన్ చేయడం, ఉపన్యాసం ఒకసారి అద్దం ముందు నిలబడి చదువుకోవడం, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం. సాయంత్రం హసన్‌పర్తిలో విజ్ఞాన సమితి వారి హాల్లో నిలబడి, కాంతి కంటే వేగంగా ఏ కబురూ పోదని వరంగల్ ప్రజలకు తేల్చి చెప్పడం. మళ్లీ జన్మలో ఎవరూ ఆ ప్రశ్న అడగకూడదు. అంత గట్టిగా చెప్పాలని ఆయన కోరిక.

ఆయన హన్మకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. తాను శాంతమూర్తినని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయంతో ఏకీభవించేవాళ్లు ఇంట్లోనూ లేరు, కాలేజీలోనూ లేరు. ఫ్యాన్ వేస్తే గది చల్లబడుతుందని పక్కింటాయన మాటవరసకు అంటే, "గది చల్లబడదు, నీ చెమట ఆరుతది!" అని ఆయన వెంటపడి వీధి మలుపుదాకా చెప్పి వచ్చిన మనిషి.

కొన్నేళ్లుగా ఆ కోపంలో పెద్ద వాటా బావమరిది శేఖర్‌కు దక్కుతోంది. శేఖర్‌కు వరంగల్ బజారులో చీరల దుకాణం ఉంది. నవ్వుమొహం మనిషి. ఎవరో పంపిన వీడియో ఒకటి చూసి, ఒక పెళ్లి భోజనాల్లో బావ పక్కన కూర్చుని, "బావా, రెండు కణాలు కవల పిల్లలసొంటియట. ఒకటి ఈడ, ఇంకోటి చంద్రుని మీద. ఈడ దీన్ని గిల్లితె ఆడ అది ఏడుస్తదట. అదే నిమిషంల! కాంతి గూడ అంత జల్ది పోదట. నిజమేనా?" అన్నాడు. అంతే. అప్పటినుంచి గృహప్రవేశాల్లో, బారసాలల్లో, ఎక్కడ ఇద్దరూ కలిస్తే అక్కడ అదే గొడవ. ఒక దశదినకర్మలో లక్ష్మీనారాయణ "గిల్లితే ఏడ్వది!" అని అరిచిన అరుపుకు, పోయినాయన గురించి ఏదో అన్నాడనుకుని చుట్టాలు రెండు వర్గాలుగా చీలిపోయారు.

అందుకే సైన్స్ దినోత్సవానికి మాట్లాడమని సమితి వాళ్లు అడిగినప్పుడు ఆయన మరో విషయం ఆలోచించలేదు. "కాంతి కంటే వేగంగా కబురు పంపగలమా?" అని పేరు పెట్టాడు. శేఖర్ సంబరపడిపోయి, "ఫ్లెక్సీల సంగతి నాకిడిచిపెట్టుండ్రి బావా. మా షాపు పేరు జర పడ్తది, అంతే" అన్నాడు. తాను తప్పని రుజువయ్యే సభకు శేఖరే ఫ్లెక్సీ కట్టించడం లక్ష్మీనారాయణకు ఎంతో న్యాయంగా తోచింది. సరేనన్నాడు.

ఇడ్లీలు తింటుండగా భార్య శ్రీలత చెప్పింది. "కొత్తిమీర లేదు. చౌరస్తాల తెచ్చిపెట్టి, ఎంతసేపన్న సదువుకోండ్రి."

ఆయన స్కూటర్ మీద వెళ్లాడు. చౌరస్తా దగ్గర స్కూటర్ దానంతట అదే ఆగినట్టయింది.

కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో మూడు వంతులు శేఖర్ దుకాణం, చీరలు. మిగిలిన వంతులో చేతులు జోడించిన లక్ష్మీనారాయణ. అది ఏదో పెళ్లిలో రెండో లడ్డూ వద్దని దండం పెడుతున్నప్పటి ఫోటో. దాని కింద, పసుపు రంగు అక్షరాల్లో: "కాంతి కంటే వేగంగా కబురు పంపగలం! — ప్రొఫెసర్ లక్ష్మీనారాయణ."

ఆయన రెండుసార్లు చదివాడు. "పంపగలమా" లేదు. "పంపగలం" ఉంది. ప్రశ్నార్థకం ఉండాల్సిన చోట ఆశ్చర్యార్థకం నిటారుగా నిలబడి ఉంది. ప్రొఫెసర్ అన్నది కూడా తప్పే. దాని మీద మాత్రం ఆయనకు అంత కోపం రాలేదు.

కొత్తిమీర సంగతి మరిచి నేరుగా ఫ్లెక్సీలు కొట్టే నర్సయ్య దుకాణానికి పోయాడు.

"ఏందయ్యా ఇది? నేను 'పంపగలమా' అని పంపిన. 'మా' ఏమైంది?"

నర్సయ్య కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే నమస్కారం పెట్టాడు. "షాపు పేరు పెద్దగ రావాలన్నరు సార్. జాగ సాల్లే. 'మా' తీసి సున్న పెట్టిన. సున్నకు జాగ తక్కువ."

"అర్థమంతా ఆ 'మా'లనే ఉన్నదయ్యా! నా పరువుకే సున్న పెట్టినవు గదా! మరి ఆ ఆశ్చర్యార్థకం ఎవరు పెట్టమన్నరు?"

"అది మా తరఫున సార్. ఫ్రీ."

"ప్రశ్నను తీస్కపోయి జవాబు చేస్తావా?"

"ప్రశ్న పెడితె జనం రారు సార్," అన్నాడు నర్సయ్య, అనుభవంతో. "జనాలకు ఇండ్లల్ల ప్రశ్నలు తక్కువున్నయా?"

లక్ష్మీనారాయణ ఆ క్షణంలోనే ఫ్లెక్సీ దించాలన్నాడు. ఆయన మొహం చూసి నర్సయ్య నిచ్చెన తీసుకుని చౌరస్తాకు వచ్చాడు. కరెంటు స్తంభానికి నిచ్చెన వేసి ఒక మనిషి ఎక్కుతుంటే, కింద ఇంకో మనిషి "చింపు! చింపెయ్!" అని అరుస్తుంటే, అది చూడకుండా పోయేవాళ్లు హన్మకొండలో ఎవరుంటారు? అందులోనూ అరిచే మనిషి మొహమే ఫ్లెక్సీ మీద ఉంది. ఆటోలు ఆగాయి. టీకొట్టు ఖాళీ అయింది. "ఏదో పెద్దదే కనిపెట్టిండట. బయటికి రానిస్తలేరట," అని ఒకాయన ఇంకొకాయనకు చెప్పాడు.

అప్పుడే సాయికిరణ్ వచ్చాడు. అతను ఫోన్‌కు మైకు తగిలించుకుని ఊళ్లో వార్తల యూట్యూబ్ ఛానెల్ నడుపుతుంటాడు. గొడవ ఎక్కడుంటే అక్కడ ఉంటాడు.

"సార్, ఎవరి ఒత్తిడితోటి ఫ్లెక్సీ తీపిస్తాన్రు?"

"ఎవరి ఒత్తిడీ లేదు. ఫిజిక్స్ ఒత్తిడి!"

"ఫిజిక్స్ అంటే... ఇంటర్ ఫిజిక్సా సార్? రేపటి నుంచి పరీక్షలు గదా?"

"ఏ ఫిజిక్స్ అయినా ఒకటే ఫిజిక్స్! ఇగో, నేను చెప్తా విను. కాంతి కంటే వేగంగా కబురు పోయిందనుకో. అట్ల అయితే ఏమైతది? రేపు రాసే పరీక్షకు ఇయ్యాల్నే మార్కులు తెలుస్తయి. ప్రశ్నపత్రం తెరవకముందే జవాబులు చేతికొస్తయి. అట్ల జరుగుతదా? జరగది. జరగది కాబట్టి, కబురు పోదు. సమజైందా?"

"మస్తు సమజైంది సార్," అన్నాడు సాయికిరణ్. అతని కళ్లలో మెరుపు చూసి లక్ష్మీనారాయణ నిజంగానే అర్థమైందనుకున్నాడు. చాలాకాలానికి ఒక పిల్లవాడికి ఒక్క మాటలో చెప్పగలిగానన్న తృప్తితో, మనసు కాస్త చల్లబడి, ఈసారి మరిచిపోకుండా కొత్తిమీర కొనుక్కుని ఇంటికి బయలుదేరాడు. దారిలో తెలిసినవాళ్లు కనిపించిన చోటల్లా నిలబడి ఫ్లెక్సీలో జరిగిన తప్పు గురించి వివరిస్తూ మధ్యాహ్నం దాటించాడు. ఆ ఆలస్యం ఆయన కొంప ముంచింది.

ఆయన వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు స్కూటర్లు, బైకులు, ఒక ట్రాలీ ఆటో ఉన్నాయి. గేటు లోపల చెప్పుల గుట్ట. ఎవరికేమైందోనని లోపలికి పరుగెత్తాడు. ముందుగదిలో, వరండాలో, మెట్ల మీద జనం కూర్చుని చాయ్ తాగుతున్నారు. శ్రీలత కప్పులు అందిస్తూ, "ఇగ వస్తరు. అన్నీ చెప్తరు. అడిగినోళ్లకు చెప్పకుంట ఎన్నడు పంపలే ఆయన. వద్దన్నా చెప్తరు," అంటోంది. వాళ్లంతా ఉపన్యాసం సంగతి తెలిసి వచ్చారని ఆమె అనుకుంది. భర్తకు ఇంత గిరాకీ రావడం ఆమెకు కొత్త. కాస్త కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది.

ఆయనను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు.

"సార్, మా బిడ్డది బైపీసీ. ఎంతొస్తయో జర చూసి చెప్పుండ్రి."

"మావోడు పాసైతడా కాడా? ఆ ఒక్క ముక్క చెప్పుండ్రి సార్, ఎక్కువొద్దు."

"ఏం చూడాలె? ఏం చెప్పాలె?" అన్నాడు లక్ష్మీనారాయణ. ఒకాయన ఫోన్ ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. సాయికిరణ్ వీడియో. అందులో తాను చేయి ఊపుతూ అంటున్నాడు: "రేపు రాసే పరీక్షకు ఇయ్యాల్నే మార్కులు తెలుస్తయి. ప్రశ్నపత్రం తెరవకముందే జవాబులు చేతికొస్తయి." అంతే. ముందు లేదు, వెనుక లేదు. కింద ఎర్ర అక్షరాల్లో "ఫిజిక్స్ లెక్చరర్ సంచలనం" అని పరుగెడుతోంది.

"ఇది అన్యాయం! 'అట్ల అయితే' అన్న నేను! 'అట్ల అయితే' ఎటుపోయింది?"

"అట్ల అయితె ఎట్ల సార్?" అన్నాడు వెనుక నుంచి ఒక తండ్రి, లక్ష్మీనారాయణ కంటే ఎక్కువ కోపంగా. "జవాబులు ముందే వచ్చేటట్టుంటె మా పోరడు ఏడాది పొడుగూత నిద్ర లేకుంట సదివింది దండుగేనా? ఎవరికిచ్చిన్రు ఆ జవాబులు? ఎవరెవరికిచ్చిన్రు?"

ఆ మాటతో గదిలో గాలి మారిపోయింది. అడగడానికి వచ్చినవాళ్లు నిలదీయడానికి వచ్చినవాళ్లయ్యారు. చాయ్ కప్పులు మాత్రం ఎవరూ దించలేదు. అంతలో ప్రిన్సిపాల్ నుంచి ఫోన్ వచ్చింది.

"లక్ష్మీనారాయణ గారూ, మీరు రేపు పరీక్ష డ్యూటీకి రావద్దు. ఎల్లుండి కూడా వద్దు. అసలు ఈ విషయం తేలేదాకా కాలేజీ మొహం చూడొద్దు."

"సార్, నేను చెప్పింది అసంభవం గురించి!"

"అసంభవమైన పనే చేశారు మీరు. లైన్ మీద పేపరోళ్లున్నరు, పెట్టేస్తున్న."

లక్ష్మీనారాయణ ఫోన్ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆయన ఒక్క పిల్లవాడికి ఒక్క మార్కు దయతలచి వేయలేదు. కన్నకూతురు ఆయన దగ్గర చదివినప్పుడు లెక్కలో యూనిట్ రాయలేదని సగం మార్కు కోస్తే, శ్రీలత వారం రోజులు మాట్లాడలేదు. అటువంటి మనిషిని పేపర్ లీక్ చేశాడంటారా? ఏం చేయాలో తెలియక చేతిలోని కొత్తిమీర కట్టను భార్యకిచ్చాడు.

అప్పుడు పోలీసు జీపు వచ్చింది. అందులోంచి ఎస్సై ఫౌజియా దిగింది. వయసు చిన్నదే గాని, ఆమె గేటు తీసిన తీరుకే జనం పక్కకు జరిగారు.

"సార్, జర స్టేషన్‌దాక రావాలె."

"నన్నా? అరెస్టు చేస్తున్నరా?"

"మాట్లాడుకుందాం రండ్రి. ఫికర్ చేయకుండ్రి."

ఫికర్ చేయవద్దని పోలీసులు చెప్పాక ఫికర్ చేయని మనిషి ఇంకా పుట్టలేదు. శ్రీలత తన తమ్ముడు శేఖర్‌కు ఫోన్ చేయడానికి లోపలికి పరుగెత్తింది. వీధి వీధంతా చూస్తుండగా లక్ష్మీనారాయణ జీపు ఎక్కాడు.

స్టేషన్లో ఫౌజియా ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిప్పించి, వీడియో పెట్టింది.

"ఇందుల ఉన్నది మీరే గదా సార్?"

"నేనే. కాని..."

"'ప్రశ్నపత్రం తెరవకముందే జవాబులు చేతికొస్తయి' అన్నది మీరే గదా?"

"నేనే! కాని ముందు 'అట్ల అయితే' అన్న. 'అట్ల అయితే' అనే మాట లేకపోతే ఫిజిక్సే లేదమ్మా! లోకంల ఏ శాస్త్రమూ లేదు!"

"సరే. అంటే జవాబులు ముందు రావు?"

"రావు."

"ఎందుకు రావు?"

"కబురు కాంతి కంటే వేగంగా పోదు కాబట్టి."

"ఎందుకు పోదు?"

లక్ష్మీనారాయణ తలెత్తి చూశాడు. ఆయన సర్వీసులో ఒకే మనిషి వెంటవెంటనే రెండుసార్లు "ఎందుకు" అని అడగడం అదే మొదలు. తానెక్కడున్నాడో మరిచిపోయి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"చెప్తా. మీరు ఈడికెల్లి కాంతి కంటే వేగంగా ఒక కబురు పంపిన్రనుకోండి. మీకూ నాకూ వింతేమీ కనబడది. కాని మస్తు వేగంగా పోయే రాకెట్ల కూసున్నోనికి అది మీరు పంపకముందే చేరినట్టు కనబడ్తది. ఇది లెక్క, నా మాట కాదు. వాడు గూడ అదే వేగంతోటి మీకు జవాబు పంపితే, మీరు అడగకముందే మీకు జవాబొస్తది."

ఫౌజియా పెన్ను చేతిలోకి తీసుకుంది. "అంటే దొంగతనం కాకముందే నాకు కంప్లైంటొస్తది."

"అదే!"

"వస్తె మంచిదే గదా సార్?"

"మంచిదే! మీరు ముందే పోయి దొంగను పట్టుకున్నరు. దొంగతనం జరగలే. మరి జరగని దొంగతనానికి మీకు కంప్లైంట్ ఇచ్చిందెవరు?"

ఫౌజియా పెన్ను బల్ల మీద పెట్టింది. "కేసు నిలవడది."

"నిలవడది! అందుకే ప్రకృతి ఆ కేసు తీసుకోదు!" అని లక్ష్మీనారాయణ బల్ల మీద గుద్దాడు. హెడ్ కానిస్టేబుల్ పోశయ్య ఉలిక్కిపడి లోపలికి తొంగిచూశాడు.

"మరి ఆ కవల కణాల ముచ్చటేంది సార్? మా వదిన గూడ ఆ వీడియో పంపింది."

వీడియో మాట వినగానే లక్ష్మీనారాయణకు ఒంటి మీద కారం చల్లినట్టయింది. చుట్టూ చూశాడు. గుమ్మం అవతల పోశయ్య బల్ల కింద కొత్త చెప్పుల డబ్బా కనిపించింది. అనుమతి అడగకుండా తీశాడు.

"ఇగో, ఈ జతల ఒక చెప్పు, ఏదో చూడకుండ కట్టి ములుగుకు పంపిన్రు. ఇంకోటి ఈడ డబ్బాల ఉన్నది. తెరిస్తే ఎడమది. ములుగుకు పోయింది కుడిదని మీకు ఆ క్షణమే తెలిసింది. తెలిసిందా? మరి ములుగు నుంచి ఏమన్న కబురొచ్చిందా?"

"రాలే."

"కణాలు చెప్పుల కంటే తిరకాసువి. చెప్పు ముందే ఎడమదో కుడిదో అయి ఉంటది. కణం తెరిచిందాక ఏదీ కాదు. తెరిచినప్పుడే ఏదో ఒకటైతది. అయినా అవతలిదానితోటి జత కుదురుతది."

"ఎట్ల కుదురుతది సార్?"

లక్ష్మీనారాయణ గొంతు తగ్గించాడు. "లెక్కల కుదురుతది. అట్ల ఎందుకున్నదో మాకూ పూర్తిగ తెల్వదు."

అది ఆయన బావమరిదికి ఏనాడూ చెప్పని మాట. ఫౌజియా చెప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "డబ్బా తెరిచేటప్పుడు నాకు ఎడమదే రావాలె అంటె వస్తదా?"

"రాదు! ఏదొస్తదో మన చేతుల లేదు!"

"మరి ఎడమొస్తె అవును, కుడొస్తె కాదు అని అవతలోళ్లతోటి ముందే మాట్లాడి పెట్టుకున్నా లాభం లేదు. ఏదొస్తదో నా చేతుల లేనప్పుడు నేను చెప్పేదేంది?"

లక్ష్మీనారాయణ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అమ్మా, నువ్వు నా క్లాసుల ఎందుకు లేకపోతివి?"

"సార్," అన్నాడు పోశయ్య గడప దగ్గర నుంచి, "ఆ చెప్పు ములుగుకైతె పంపకుండ్రి. నిన్ననే కొన్న."

ఫౌజియా నవ్వుతూ డబ్బా మూత పెట్టింది. "ఇగ పోదాం సార్. మీరు పేపర్ లీక్ చెయ్యలేదని నాకు ముందే ఎరుక. ఆ సాయికిరణ్‌ను పిలిపిచ్చి పూర్తి వీడియో చూసినంకనే మీ ఇంటికొచ్చిన. ఫికర్ లేదని మీ ఇంటామెకు గూడ కబురు పంపిన."

"ముందే తెలుసా?" లక్ష్మీనారాయణ మొహం మళ్లీ ఎర్రబడింది. "తెలిసి నన్ను జీపుల ఎక్కించిన్రా? వీధంతా చూసింది! ఇది ఏం న్యాయం?"

"మీ ఇంట్ల జనాన్ని చూసిన్రా సార్? ఇంకో ఘడియైతె కప్పులు పగిలేటియి. మిమ్మల్ని తీస్కపోతెనే వాళ్లు లేస్తరు. అడ్డమైన ప్రశ్నలేసి పంపిద్దామనుకున్న. గని మీరు చెప్తాంటె నడుమల ఆపబుద్ధి కాలే."

ఆ చివరి మాటకు ఆయన కోపం సగంలో ఆగింది. అప్పుడు గోడ గడియారం చూశాడు. మిగతా సగం కూడా ఎగిరిపోయింది. సభ మొదలై చాలాసేపయింది. ఫోన్ తీస్తే అందులో శ్రీలత మెసేజ్: "ఫికర్ చేయకుండ్రి. హాలు నిండిపోయింది. జనం ఆగుతలేరు. తమ్ముడు మైకు తీసుకున్నడు."

"శేఖరా? మైకా?"

లోకంలో ఆ ఉపన్యాసం ఇవ్వకూడని మనిషి ఒక్కడే. అతని చేతిలోనే మైకు ఉంది. ముందు 'మా' పోయింది, తర్వాత 'అట్ల అయితే' పోయింది, ఇక మిగిలింది ఉపన్యాసం, అదీ పోయింది. "గిల్లితె ఏడుస్తది అని చెప్తడు! నా సభల, నా ఫోటో కింద నిలబడి చెప్తడు!" అని ఆయన అంటుంటే, ఫౌజియా జీపు తాళాలు తీసుకుంది.

దారిపొడుగునా ఆయన తిట్టుకుంటూనే ఉన్నాడు. హసన్‌పర్తి చేరేసరికి సమితి హాలు నిండి జనం రోడ్డు మీదికి వచ్చి ఉన్నారు. పోలీసు జీపులోంచి దిగిన ఆయనను చూసి కొందరు పక్కకు జరిగారు. కొందరు ఫోన్లు పైకెత్తారు. ఆయనకు ఎవరూ కనిపించలేదు. లోపలి నుంచి వస్తున్న గొంతు మాత్రం వినిపించింది. అది కోపంగా ఉంది.

"ఎన్నిసార్లు చెప్పాలె మీకు?" అంటున్నాడు శేఖర్. "ఒక తోటికోడలుకు ఎర్ర చీర, ఒకామెకు పచ్చ చీర. ఏదెవరికో మాకే తెల్వకుంట కట్టి, ఒకటి కాజీపేటకు పంపినం, ఒకటి ములుగుకు. కాజీపేటామె విప్పితె ఎర్రదొచ్చింది. ములుగామెకు పచ్చదని ఈమెకు తెలిసింది. తెలిసింది, గంతే! ఈమె ఆమెకు ఫోన్ చేసినట్టా? చెయ్యలే! తనకేదొస్తదో ఈమె చేతుల లేదు. చేతుల లేనిదాన్ని పట్టుకొని కబురెట్ల పంపుతరు? మా బావ మొత్తుకునేది ఇదే!"

లక్ష్మీనారాయణ గుమ్మంలో ఆగిపోయాడు.

"మరి వీడియోల చూపెట్టిన్రు గద?" అన్నాడు ముందువరుసలోంచి ఒక పెద్దమనిషి. "గిల్లితె ఏడుస్తదని?"

శేఖర్ చెవులు ఎర్రబడ్డాయి. ఎప్పుడూ నవ్వే ఆ మొహం కందిపోయి, మెడనరాలు ఉబ్బాయి. "గిల్లితె ఏడ్వది!" అని అతను అరిచిన అరుపుకు మైకు కీచుమంది. "కాంతి సెకనుకు మూడు లక్షల మైళ్లు పోతది, దాన్ని మించి..."

"కిలోమీటర్లు!" అన్నాడు లక్ష్మీనారాయణ, గుమ్మంలోంచి.

హాలంతా వెనక్కి తిరిగింది. శేఖర్ మొహం విచ్చుకుంది. "ఇగో, వచ్చిండు మా బావ!" అని వేదిక దిగి పరుగెత్తుకొచ్చి, ఆయన చేయి పట్టుకుని పైకి తీసుకుపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య, మైకుకు చేయి అడ్డం పెట్టి, లక్ష్మీనారాయణ పళ్లు కొరుకుతూ అడిగాడు.

"నీకు ఇదంతా తెలుసా?"

"మీరే చెప్పిన్రు గదా బావా. ఎన్నిసార్లు చెప్పిన్రు!"

"మరి ఇన్నేండ్ల నుంచి నాతోటి ఎందుకు కొట్లాడినవు? ఒక్కనాడు 'నిజమే బావా' అంటే నోరు పడిపోతుండెనా?"

శేఖర్ కాస్త సిగ్గుపడ్డాడు. "ఒకనాడు అన్న బావా. మా చెల్లె పెండ్లిల. మీరు 'మంచిది' అని, రెండు ముద్దలు తిని, లేసిపోయిన్రు. ఆ తెల్లారి గృహప్రవేశంల మళ్ల 'కాదు' అన్న. విస్తరి ఎండిపోయిందాక నా పక్కనే కూసున్నరు. చేతులు పట్టుకొని మరీ చెప్పిన్రు. పెద్ద సదువు సదివినోళ్లు, నాతోటి ఇంకేం మాట్లాడుతరు? నాకు ఇంకో ముచ్చట తెల్వకపాయె."

ముందువరుసలో కూర్చున్న శ్రీలత తమ్ముడి వైపు, మొగుడి వైపు మార్చి మార్చి చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. హాలు ఎదురుచూస్తోంది. లక్ష్మీనారాయణ మైకు తీసుకున్నాడు. రాసుకున్నదేదీ గుర్తుకు రాలేదు. "మా శేఖర్ చెప్పింది కరెక్టే," అన్నాడు. ఉండబట్టలేక, "కిలోమీటర్లు తప్ప," అన్నాడు. ఇంత చిన్న ఉపన్యాసం ఆయన జీవితంలో ఇవ్వలేదు. దానికి వచ్చినన్ని చప్పట్లు కూడా ఏనాడూ వినలేదు.

ఆ తర్వాత అన్నీ ఒకదాని వెంట ఒకటి సర్దుకున్నాయి. సాయికిరణ్ పూర్తి వీడియో పెట్టాడు. వేదిక దగ్గరికి వచ్చి చెవులు పట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, "ఏదో తొందరపడ్డాను, రేపు పొద్దున్నే డ్యూటీకి వచ్చేయండి," అన్నాడు. మధ్యాహ్నం ఇంట్లో నిలదీసిన తండ్రి కొడుకును వెంటబెట్టుకుని వచ్చి కాళ్లకు దండం పెట్టించాడు. నర్సయ్య, ఈసారి అక్షరాలు ఒక్కటి కూడా తియ్యనని అందరి ముందు ఒట్టేశాడు. ఫౌజియా మాత్రం, "సార్, స్టేషన్ల మీరు చెప్పినప్పుడు ముప్పాతిక సమజైంది. చీరలతోటి మొత్తం సమజైంది," అని శేఖర్‌కు నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

జనం పలచబడ్డాక లక్ష్మీనారాయణ వేదిక మెట్ల మీద కూర్చున్నాడు. ఆయనకు ఒంట్లో ఏదో తక్కువైనట్టుంది. ఒక్కొక్కరినీ తలుచుకుని చూశాడు. అందరూ క్షమాపణ చెప్పేశారు. అందరూ ఆయన మాటే ఒప్పుకున్నారు. శేఖర్ పక్కకు వచ్చి కూర్చుని, "మరేంది బావా, ఇగ దేనిమీద కొట్లాడుదాం?" అన్నాడు.

కోపం తెచ్చుకోవడానికి ఇక ఒక్క కారణం కూడా మిగలలేదని తెలిసేసరికి లక్ష్మీనారాయణకు ఒళ్లు మండిపోయింది.